వలస నేలలో దీన్ విద్య: హబషా నుంచి ప్యారిస్ దాకా





జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల్లో నేడు దూరదేశపు మాట వినిపించని వీధి అరుదు. ఒకప్పుడు మన పిల్లలు బతుకుతెరువు కోసం బెజవాడకో, హైదరాబాదుకో వెళ్ళేవారు. తరువాత గల్ఫ్ దేశాలకు వెళ్ళారు. ఇప్పుడు పైచదువుల కోసం, ఉద్యోగాల కోసం ఇంగ్లండుకు, జర్మనీకి, ఐర్లండుకు కూడా ప్రయాణమవుతున్నారు. బిడ్డను సాగనంపే తల్లిదండ్రుల మనసులో ఒక ప్రశ్న మెదులుతుంది. అజాన్ వినిపించని ఊళ్ళో మా బిడ్డ ముస్లింగా నిలుస్తాడా? నిలిచినా, అక్కడ పుట్టి పెరిగే మా మనుమలు, మనుమరాళ్ళు ఎలా ఉంటారు?

ఈ ప్రశ్న భయంతో అడిగితే భయమే జవాబుగా వస్తుంది. చరిత్రను చదివి అడిగితే దారి కనిపిస్తుంది. ముస్లిములు పరాయి నేలకు వలస వెళ్ళడం నిన్న మొన్నటి సంగతి కాదు. కనుక నేటి ప్రసంగంలో కొన్ని వలసల చరిత్రను పరిశీలించి, ఆ నేలల్లో దీన్ ఎలా నిలిచిందో, దానిని నిలబెట్టిన విద్య ఎలాంటిదో తెలుసుకుందాం.

హబషాలో పుట్టిన బిడ్డలు

ప్రవక్త పదవి లభించిన ఐదవ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 615 ప్రాంతంలో, మక్కా పెద్దల హింసను భరించలేని కొందరు విశ్వాసులు దైవప్రవక్త (స) అనుమతితో ఎర్రసముద్రం దాటి హబషాకు చేరారు. అది క్రైస్తవ రాజ్యం. భాష వేరు, ఆచారాలు వేరు. ఖురైషులు తమ దూతలను పంపి, వీరిని తిరిగి అప్పగించమని నజాషీ రాజును కోరారు. అప్పుడు హజ్రత్ జాఫర్ బిన్ అబీ తాలిబ్ (రజి) సభలో నిలబడి, తాము లోగడ ఎలాంటి అజ్ఞానంలో ఉండేవారో, ప్రవక్త (స) తమకు ఏమి నేర్పారో వివరించారు. ఆ తరువాత మర్యమ్ సూరా పఠించారు. నజాషీ కన్నీరు పెట్టుకున్నారు. ముహాజిర్లకు రక్షణ దొరికింది.

ఈ ఘట్టాన్ని మనం ఎన్నోసార్లు విన్నాం. అయితే దీనిలో మరొక పాఠం ఉంది. జాఫర్ (రజి) వద్ద సైన్యం లేదు, ధనం లేదు, బంధుబలం లేదు. ఆయన వద్ద ఉన్నదల్లా తాను నమ్మినదేమిటో స్పష్టంగా తెలిసిన మనసు, ఎదుటివారికి అర్థమయ్యేలా చెప్పగల నేర్పు. వలస వెళ్ళే ముస్లిముకు కావలసిన మొదటి సామాను అదే.

ఆ ముహాజిర్లలో కొందరు హిజ్రీ 7వ సంవత్సరం వరకు, అంటే పన్నెండు పదమూడేళ్ళపాటు, హబషాలోనే ఉన్నారు. అక్కడే వారికి పిల్లలు పుట్టారు. జాఫర్ (రజి), అస్మా బిన్తె ఉమైస్ (రజి) దంపతుల కుమారుడు అబ్దుల్లాహ్ (రజి) అక్కడే జన్మించారు. ఖాలిద్ బిన్ సయీద్ (రజి) కుమార్తె ఉమ్మె ఖాలిద్ (రజి) కూడా హబషాలోనే పుట్టారు. మక్కాను చూడకుండా, మదీనాను చూడకుండా, పరాయి భాష వినిపించే వీధుల్లో ఈ పిల్లలు పెరిగారు. నేటి భాషలో చెప్పాలంటే వీరు వలసదారుల రెండవ తరం.

ఉమ్మె ఖాలిద్ (రజి) మదీనాకు వచ్చినప్పుడు ఇంకా చిన్నపిల్ల. దైవప్రవక్త (స) వద్దకు అంచులు చిత్రించిన ఒక నల్లని వస్త్రం వచ్చింది. ఆయన ఆ చిన్నారిని పిలిపించి, స్వయంగా తన చేతులతో ఆమెకు దానిని తొడిగారు. అది ఎంతో బాగుందని మెచ్చుకున్నారు. ఆ మెప్పును అరబీలో కాకుండా, ఆ పాపకు అలవాటైన హబషా మాటలో పలికారు. ఇమామ్ బుఖారీ (రహ్మతుల్లాహి అలైహి) సంకలనంలో ఈ ఉల్లేఖనం ఉంది.

సోదరులారా! ఈ చిన్న సంఘటనను కొంచెం నిదానంగా ఆలోచించండి. ఖుర్ఆన్ అవతరించిన భాష అరబీ. ప్రవక్త (స) మాతృభాష అరబీ. అయినా పరాయి దేశంలో పెరిగిన బిడ్డను ఆయన ఆ దేశపు మాటతో దగ్గరకు తీశారు. నీకు మా భాష సరిగా రాదు కదా అని చిన్నబుచ్చలేదు. ముందు మనసు గెలిచారు. నేటి ప్రసంగమంతటికీ మూలం ఈ సంఘటనే.

మన ఊరి గుండా సాగిన బాట

ఐరోపా సంగతికి వెళ్ళే ముందు మన నేలను ఒకసారి చూద్దాం. ఇక్కడ కూడా ఒక వలస చరిత్ర ఉంది.

గోల్కొండలో కుతుబ్‌షాహీ రాజ్యాన్ని స్థాపించిన సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ నుంచి దక్కనుకు వచ్చినవాడు. ఆయన కుమారుడు ఇబ్రాహీం కొన్నేళ్ళు విజయనగరంలో ఆశ్రయం పొంది, 1550 నుంచి 1580 వరకు గోల్కొండను పాలించాడు. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధరకవి తన కావ్యాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. తండ్రి పారసీ నేల నుంచి వచ్చాడు, కొడుకు తెలుగు కావ్యానికి కృతిభర్త అయ్యాడు. ఈ మార్పుకు ఒక తరం చాలింది. కుతుబ్‌షాహీల ఫర్మానాలు కొన్ని పారసీ, తెలుగు రెండు భాషల్లోనూ వెలువడ్డాయి.

ఆ గోల్కొండను మచిలీపట్నం రేవుతో కలిపిన బాట మన కృష్ణా మెట్ట ప్రాంతం గుండానే సాగింది. నేటి హైదరాబాదు, విజయవాడ, మచిలీపట్నం రహదారి మీద జగ్గయ్యపేట, నందిగామ నిలిచి ఉండడం ఆ పాత రాకపోకలకు గుర్తు. బందరు నుంచి ఎర్రసముద్రపు రేవులకు, పర్షియా రేవులకు ఓడలు నడిచేవి. యాత్రికులు, వర్తకులు, విద్వాంసులు ఆ దారిన రాకపోకలు సాగించారు. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో అదే బందరులో దిగారు. అంటే ఐరోపావారు వలసదారులుగా మన వాకిటికి వచ్చిన కాలమూ ఉంది.

18వ శతాబ్దిలో ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీ చేతికి వెళ్ళాయి. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు తన తండ్రి పేర జగ్గయ్యపేటను నిర్మించాడు. ఆ పట్టణానికి పడమట కొద్ది దూరంలోనే నిజాం రాజ్యం. ఈ సరిహద్దు ముస్లిముల చదువును కూడా రెండుగా చీల్చింది. అటు నిజాం రాజ్యంలో ఉర్దూ రాజభాష అయింది. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలోనే పైచదువులు చెప్పింది. ఇటు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న మన పెద్దలు బడిలో తెలుగు, కచేరీలో ఇంగ్లీషు, మక్తబ్‌లో అరబీ ఉర్దూలు నేర్చుకోవలసి వచ్చింది. పత్తి ఏకుతూ తరతరాలుగా తెలుగే మాట్లాడిన మన దూదేకుల, నూర్‌బాషా సోదరులకైతే ఉర్దూ ఇంటి భాష కానే కాదు.

కనుక దీన్ ఒక భాషలో, బతుకు మరొక భాషలో ఉండే పరిస్థితి మనకు కొత్త కాదు. ప్యారిస్‌లోనో, బర్మింగ్‌హామ్‌లోనో నేటి ముస్లిం తల్లిదండ్రులు ఎదుర్కొంటున్న చిక్కును మన తాతలు మునేటి ఒడ్డున, పాలేటి ఒడ్డున ముందే ఎదుర్కొన్నారు.

హైదరాబాదు నుంచి ప్యారిస్‌కు

ఇప్పుడు మనకు పొరుగున ఉన్న హైదరాబాదులో పుట్టి, ఐరోపాలో దాదాపు అర్ధ శతాబ్దం నివసించిన ఒక విద్వాంసుని జీవితాన్ని చూద్దాం. ఆయన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ (రహ్మతుల్లాహి అలైహి).

ఆయన 1908లో హైదరాబాదులో విద్వాంసుల కుటుంబంలో జన్మించారు. జామియా నిజామియాలో దీన్ విద్య, ఉస్మానియాలో న్యాయశాస్త్రం అభ్యసించారు. జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలో ఇస్లామీయ అంతర్జాతీయ న్యాయంపై పరిశోధించి డాక్టరేటు పొందారు. 1935లో ప్యారిస్‌లోని సోర్బాన్ విశ్వవిద్యాలయంలో, ప్రవక్త (స) కాలంలోను, ఖులఫాయె రాషిదీన్ కాలంలోను సాగిన దౌత్య వ్యవహారాలపై మరొక డాక్టరేటు పొందారు. ఆ తరువాత స్వస్థలానికి తిరిగివచ్చి ఉస్మానియాలో బోధించారు. ప్రపంచంలోని వివిధ భాషల్లో వచ్చిన ఖుర్ఆన్ అనువాదాల పట్టికను 1940లలో హైదరాబాదు నుంచే వెలువరించారు. అల్లాహ్ గ్రంథం ఎన్ని భాషల మనుషులకు చేరిందో లెక్కించాలన్న తపన ఆయనకు అప్పటికే ఉంది.

1948లో హైదరాబాదు సంస్థానం తన వాదాన్ని ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి నివేదించినప్పుడు, ఆ ప్రతినిధివర్గంలో ఆయన ఒకరు. అదే సెప్టెంబరులో హైదరాబాదు భారత యూనియన్‌లో కలిసింది. ఆయన ప్యారిస్‌లోనే ఉండిపోయారు. మరే దేశపు పౌరసత్వమూ తీసుకోకుండా, శరణార్థి పత్రంతోనే దశాబ్దాలు గడిపారు. రాజకీయంగా ఆ నిర్ణయాన్ని ఎవరు ఎలా చూసినా, మనం నేర్చుకోవలసిన విషయం వేరే ఉంది. దేశమూ, పదవీ, సొంత ఇల్లూ లేని మనిషి ఆ పరాయి నేలలో ఏమి చేశారన్నదే ఆ విషయం.

ఆయన పోయిన ఇంటిని తలచుకుంటూ కూర్చోలేదు. ఫ్రాన్సు జాతీయ పరిశోధన సంస్థలో 1954 నుంచి 1978 వరకు పనిచేశారు. ఇస్తాంబూల్‌కు వెళ్ళి తుర్కీ విద్యార్థులకు పాఠాలు చెప్పారు. హజ్రత్ అబూ హురైరా (రజి) శిష్యుడైన హమ్మామ్ బిన్ మునబ్బిహ్ హదీసు సంకలనపు ప్రతులను డమాస్కస్, బెర్లిన్ నగరాల గ్రంథాలయాల్లో గుర్తించి, 1953లో ప్రచురించారు. హదీసులు చాలా ఆలస్యంగా గ్రంథస్థమయ్యాయని వాదించేవారికి అదొక బలమైన సమాధానమైంది.

వీటన్నిటికీ మించిన సేవ మరొకటి ఉంది. 1959లో ఆయన ఖుర్ఆన్ ఫ్రెంచి అనువాదం వెలువడింది. అదే ఏడాది ప్రవక్త (స) జీవితచరిత్ర రెండు సంపుటాలుగా ఫ్రెంచి భాషలోనే వెలువడింది. అప్పటికి అల్జీరియా, మొరాకో దేశాల నుంచి వేలాది కూలీలు ఫ్రాన్సు కార్ఖానాల్లో పనిచేస్తున్నారు. వారి దీన్ అరబీలో, బెర్బరులో ఉంది. వారి పిల్లల చదువు ఫ్రెంచిలో సాగబోతున్నది. ఆ పిల్లలు పెద్దవారై దీన్ గురించి తెలుసుకోవాలనుకునే నాటికి, వారికి తెలిసిన భాషలో, ఒక ముస్లిం విద్వాంసుడు రాసిన గ్రంథం సిద్ధంగా ఉంది. 1963లో ఫ్రాన్సులో ముస్లిం విద్యార్థుల సంఘం ఆయన ప్రోత్సాహంతోనే ఏర్పడింది.

ఆయన మాతృభాష ఉర్దూ. దానిని ఆయన వదలలేదు. 1980లో బహావల్‌పూర్‌లో ఇచ్చిన పన్నెండు ఉపన్యాసాలు ఉర్దూలోనివే. అవి నేటికీ చదువరులకు ప్రియమైనవి. అయినా ఫ్రెంచి పిల్లలు తన కోసం ఉర్దూ నేర్చుకోవాలని ఆయన ఎదురుచూడలేదు. తానే వారి భాషలోకి నడిచి వెళ్ళారు. చిన్న గదిలో నిరాడంబరంగా బతికి, వచ్చిన బహుమతి ధనాన్ని విద్యాసంస్థకే ఇచ్చివేశారు. అనారోగ్యం వల్ల 1996లో అమెరికాలోని బంధువుల వద్దకు చేరి, 2002 డిసెంబరు 17న అక్కడే మరణించారు. అల్లాహ్ ఆయనపై కరుణ చూపుగాక!

ఐరోపా బడుల్లో మూడు దారులు

డాక్టర్ హమీదుల్లాహ్ చేసినది ఒక వ్యక్తి చేయగల పని. సామాన్య కుటుంబాల పిల్లలకు విద్య ఎలా అందింది? ఐరోపాలో ప్రధానంగా మూడు దారులు కనిపిస్తాయి.

మొదటిది ప్రభుత్వ బడిలోనే ఇస్లాం పాఠం. ఆస్ట్రియా 1912లోనే ఇస్లాంను చట్టబద్ధంగా గుర్తించింది. 1980లలో అక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో ముస్లిం పిల్లలకు దీన్ బోధన మొదలైంది. బెల్జియం 1974లో గుర్తింపు ఇచ్చి, పాఠశాలల్లో ఇస్లాం బోధనకు అవకాశం కల్పించింది. జర్మనీకి 1961 ఒప్పందం ప్రకారం తుర్కీ కార్మికులు రాసాగారు. వారు కొన్నేళ్ళు పనిచేసి వెళ్ళిపోతారని ప్రభుత్వమూ అనుకుంది, వారూ అనుకున్నారు. ఎక్కువమంది వెళ్ళలేదు. నార్త్‌రైన్ వెస్ట్‌ఫాలియా రాష్ట్రంలో జర్మను భాషలో ఇస్లాం బోధన పూర్తిస్థాయి పాఠ్యాంశం కావడానికి 2012 దాకా పట్టింది. తాత్కాలికమని భావించి విద్యను వాయిదా వేస్తే అర్ధ శతాబ్దం గడిచిపోతుందని ఈ చరిత్ర హెచ్చరిస్తున్నది.

రెండవది ముస్లిములే స్థాపించుకున్న పాఠశాల. నెదర్లాండ్స్‌లో 1988లో ఇలాంటి ప్రాథమిక పాఠశాలలు మొదలయ్యాయి. లండన్‌లో 1983లో స్థాపితమైన ఇస్లామియా పాఠశాల పదిహేనేళ్ళ నిరీక్షణ తరువాత, 1998లో ప్రభుత్వ నిధులు పొందింది. చర్చి పాఠశాలలకు ఉన్న హక్కునే వారు చట్టబద్ధంగా, ఓర్పుతో అడిగి సాధించారు.

మూడవది మసీదులో సాయంకాలపు మక్తబ్. ఎక్కువమంది పిల్లలకు అందినది ఇదే. ఫ్రాన్సులో 1905 చట్టం మతాన్ని రాజ్యం నుంచి వేరుచేసింది. ప్రభుత్వ బడిలో దీన్ బోధనకు తావు లేదు. 2004 నుంచి బాలికలు అక్కడ తలపై వస్త్రంతో కూర్చోవడం కూడా నిషిద్ధమైంది. కనుక ఎక్కువమంది పిల్లలకు ఇల్లు, మసీదులే దీన్ పాఠశాలలయ్యాయి.

ఈ మక్తబులే ఐరోపాలో దీన్‌ను కాపాడాయి. అయితే ఒక లోపాన్ని కూడా అక్కడి పెద్దలు గ్రహించారు. బ్రిటన్‌లో ఎన్నో మక్తబులు మొదట్లో ఉర్దూలోనో, బెంగాలీలోనో పాఠం చెప్పాయి. పిల్లలు ఇంగ్లీషులో ఆలోచించేవారు. ఖుర్ఆన్ అక్షరాలు చక్కగా చదివేవారు, కానీ నమాజులో తాము పలికే మాటల భావం తెలిసేది కాదు. బడిలో తోటి పిల్లవాడు నీవు ఎందుకు ఉపవాసం ఉంటావని అడిగితే, జవాబు చెప్పే మాటలు వారి వద్ద లేవు. జాఫర్ (రజి) నజాషీ సభలో చూపిన సామర్థ్యం వారికి అందలేదు. ఈ లోపం తెలిసిన చోట ఇంగ్లీషులో పాఠ్యపుస్తకాలు రాశారు, ఇంగ్లీషులో బయాన్ చెప్పే ఇమాములను తయారుచేసుకున్నారు.

మన మక్తబుల సంగతి

సోదర సోదరీమణులారా! ఐరోపా గురించి ఇంతసేపు చెప్పుకోవడం మన ఇంటిని మరచిపోవడానికి కాదు. బ్రిటన్ మక్తబుల్లో కనిపించిన లోపం జగ్గయ్యపేటలో లేదా? నందిగామలో లేదా? మన పిల్లలు బడిలో చదివేది తెలుగు లేదా ఇంగ్లీషు. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో కూడా ఉర్దూ లిపి చదవగల పిల్లలు తగ్గిపోతున్నారు. మక్తబ్‌లో ఉస్తాద్ ఉర్దూలో చెప్పిన మాట కొందరికి సగమే అందుతుంది, కొందరికి అసలు అందదు. ఉర్దూ రాని బిడ్డకు దీన్ కూడా రాదన్నట్లు మాట్లాడడం మనలో కొందరికి అలవాటైంది. ఇది అన్యాయం. అల్లాహ్ ప్రతి ప్రవక్తనూ ఆయా జాతి భాషలోనే పంపాడని ఇబ్రాహీం సూరాలో మనం చదువుతున్నాము. హబషా నుంచి వచ్చిన పాప పట్ల ప్రవక్త (స) చూపిన మన్నన మన తెలుగు బిడ్డలకు కూడా దక్కాలి.

ఉర్దూ పోతే దీన్ పోతుందని బాధపడే పెద్దల మనసును కూడా మనం అర్థం చేసుకోవాలి. మూడు వందల ఏళ్ళ విద్వాంసుల కృషి ఆ భాషలో ఉంది. దానిని నేర్పడం మానవద్దు. అరబీ అయితే మరీ విడదీయరానిది. నమాజు, ఖుత్బా, తిలావత్ ఆ భాషలోనే నిలిచి, ఫ్రాన్సులోని ముస్లిమునూ నందిగామలోని ముస్లిమునూ ఒకే వరుసలో నిలబెడుతున్నాయి. కానీ భావం చెప్పడానికి తెలుగు కావాలి. తెలుగులో ఆ వనరు లేదని ఎవరూ అనలేరు. చిలుకూరి నారాయణరావు పండితుడు ముస్లిం కాకపోయినా, 20వ శతాబ్ది తొలి అర్ధభాగంలోనే ఖుర్ఆన్‌ను తెలుగులోకి అనువదించారు. తరువాత ముస్లిం విద్వాంసుల అనువాదాలు వచ్చాయి. హైదరాబాదులోని తెలుగు ఇస్లామిక్ పబ్లికేషన్స్, గీటురాయి పత్రిక ఎన్నో ఏళ్ళుగా ఈ సేవ చేస్తున్నాయి. గ్రంథాలు ఉన్నాయి, వాటిని పిల్లల చేతికి అందించడమే మిగిలింది.

కనుక ఈ జుమా నుంచి కొన్ని సంకల్పాలు చేసుకుందాం. మక్తబ్‌లో పిల్లవాడు కంఠస్థం చేసే ప్రతి చిన్న సూరాకు, నమాజులోని ప్రతి దుఆకు తెలుగు భావం కూడా నేర్పిద్దాం. వారంలో ఒక రోజు ప్రవక్త (స) జీవితచరిత్రను తెలుగులో చెప్పే ఏర్పాటు చేద్దాం. ఆడపిల్లలకు ఇందులో సమాన స్థానం ఇద్దాం. హబషాలో బిడ్డలను పెంచిన అస్మా బిన్తె ఉమైస్ (రజి) వంటి తల్లులు ఉన్నందువల్లనే ఆ రెండవ తరం నిలిచిందని గుర్తుంచుకుందాం.

విదేశానికి వెళ్ళే యువకునికి పచ్చళ్ళు, బట్టలు, సర్టిఫికెట్లు సర్దుతున్నాము. వాటితోపాటు తాను ఎందుకు ముస్లిమో నాలుగు మాటల్లో మర్యాదగా చెప్పగల విద్యను కూడా సర్దుదాం. హలాల్ సంపాదన, పొరుగువాని హక్కు, మాట నిలుపుకోవడం, ఆ దేశపు చట్టాన్ని గౌరవించడం అతనికి ముందే నేర్పుదాం. అక్కడికి చేరగానే మసీదును వెదకమని, ఆ దేశపు భాషను శ్రద్ధగా నేర్చుకోమని చెబుదాం. రేపు అతని బిడ్డ జర్మనులో ప్రశ్న అడిగితే జర్మనులోనే జవాబు చెప్పగల తండ్రి ఆ ఇంటికి కావాలి.

పరాయి నేల దీన్‌ను హరించదు. నేర్పకపోవడమే హరిస్తుంది. మసీదు గోడ పక్కనే నివసిస్తూ దీన్ తెలియని ఇల్లు ఉండవచ్చు, ప్యారిస్‌లో ఒక చిన్న గది విజ్ఞాన కేంద్రం కావచ్చు. ఆ తేడా దేశం వల్ల వచ్చినది కాదు, విద్య వల్ల వచ్చినది.

ఓ అల్లాహ్! మా పిల్లలకు ప్రయోజనకరమైన జ్ఞానం ప్రసాదించు. దూరదేశాల్లో ఉన్న మా బిడ్డల ఈమాన్‌ను, ప్రాణాన్ని, మానాన్ని కాపాడు. వారిని ఆ నేలకు మేలు చేసేవారిగా చెయ్యి. మాకు అర్థమయ్యే భాషలో నీ ధర్మాన్ని అందించిన విద్వాంసులందరికీ గొప్ప ప్రతిఫలం ఇవ్వు. మా మక్తబులను వెలుగుతో నింపు. ఆమీన్.